డీప్ ఫ్రీజర్‌లో ఏముందో చెప్పే మాగ్నెట్ బోర్డు: కొనాలా, వద్దా?

ముందే తేల్చి చెప్పేస్తాను, వివరాలు కావాల్సినవాళ్లు కింద తీరిగ్గా చదువుకోండి. డీప్ ఫ్రీజర్ మూతకి అంటుకునే మాగ్నెట్ బోర్డు సెట్ కొనుక్కోవచ్చు. అందులో బోర్డు బాగుంది, చిన్న చిన్న మాగ్నెట్ బిళ్లలు ఇంకా బాగున్నాయి, మార్కర్లు దండగ, లేబుళ్లు సగం దండగ. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే ఇవేవీ అక్కర్లేదు కదా అనేవాళ్లకి కూడా జవాబుంది, అది వాడాకే ఈ బోర్డు దాకా వచ్చాను.

నేను చెప్పేది పైకి మూత లేచే పెట్టె రకం ఫ్రీజర్ సంగతి. అరలతో నిలువుగా ఉండే రకమైతే తలుపు తీయగానే అన్నీ ఎదురుగా కనిపిస్తాయి, దానికి బోర్డు కొనడం అనవసరం. పెట్టె రకం సుఖం వేరు. చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి మూత తీసినా చాలావరకు లోపలే ఉండిపోతుంది. పైగా ఈ రకంలో ఎక్కువ మోడళ్లకి మంచు తనంతట తానే కరిగే ఏర్పాటు ఉండదు, అంటే మధ్యమధ్యలో లోపల వేడెక్కడం, మళ్లీ చల్లబడటం ఉండదు, సరుకు నిలకడగా ఉంటుంది. కానీ ఆ లోతే దాని జబ్బు. కొత్తగా తెచ్చింది పైన పడుతుంది, వండాలనుకున్నప్పుడు చేతికి అందేదీ అదే, ముందు వాడాల్సిన పాతది మాత్రం అలా కింద కిందకి పోతూనే ఉంటుంది. అడుగున పడిన ప్యాకెట్ బావిలో పడ్డ చెంబుతో సమానం, ఉందని తెలుసు, ఎవరూ తీయరు. ఆ మాటకొస్తే చాలా ఇళ్లలో ఉందని కూడా తెలియదు, ఉన్నదే మళ్లీ కొనుక్కొస్తారు.

సరే, సెట్ విషయానికొద్దాం. ఒక పల్చటి మాగ్నెట్ షీట్, దాని మీద తెల్లటి నున్నటి పూత, పేరు, ఎన్ని, తేదీ అని గళ్లు గీసి ఉంటాయి. తుడిచేసే మార్కర్లు, చిన్న డస్టర్, చొక్కా గుండీ సైజులో రంగురంగుల మాగ్నెట్ బిళ్లలు, ఒక చుట్ట లేబుళ్లు వస్తాయి. ఆర్డర్ పెట్టే ముందు ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి ఉన్న ఏ మాగ్నెట్‌నైనా తీసి డీప్ ఫ్రీజర్ మూత మీద పెట్టి చూడండి. రేకు మూతైతే పట్టుకుంటుంది, గాజుదో ప్లాస్టిక్‌దో అయితే అంతే సంగతులు, డబ్బా వాపస్ పంపే తిప్పలు మిగులుతాయి. మూత కాకపోతే పక్క గోడలకి పెట్టొచ్చా అంటే, చాలా పెట్టె ఫ్రీజర్లు లోపలి వేడిని బయటి గోడల రేకు గుండానే వదులుతాయి, చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అందుకే. అక్కడ గాలి ఆడాలి, ఏదీ కప్పకుండా వదిలేయడమే మంచిది. మూత పట్టుకోకపోతే దగ్గర్లో ఉన్న ఇంటి గోడకి మామూలు రేకు బోర్డు తగిలించుకోండి, పని అదే.

మూత మీద బోర్డుకి రెండు చిక్కులున్నాయి, అమ్మేవాళ్ల ఫొటోల్లో ఇవి కనిపించవు. ఒకటి, ఎత్తుగా, చదునుగా ఏ జాగా కనబడినా మన ఇళ్లలో ఏదో ఒకటి పెట్టేస్తారు. ఉతికిన బట్టలో, పాత కాగితాలో, ఖాళీ డబ్బాలో బోర్డు మీద చేరిపోతాయి. దీనికి మందు లేదు, ఇంట్లో గొడవ పడాల్సిందే. రెండోది తమాషాగా ఉంటుంది. మూత పైకి ఎత్తగానే బోర్డు మొహం గోడ వైపు తిరిగిపోతుంది. అంటే సరిగ్గా లోపల వెతుకుతున్నప్పుడు, జాబితా ఎక్కువ అవసరమైన ఆ నిమిషంలో, అది మీకు కనబడదు. ఇది చూసి మొదట ఇదేం డిజైన్ అనుకున్నాను, కానీ వాడగా వాడగా దీని వల్లే ఒక మంచి అలవాటు పడింది, దాని గురించే ముఖ్యంగా చెప్పాలి.

ఫ్రీజర్ జాబితాలు ఎక్కడ చెడిపోతాయో గమనించారా? పెట్టేటప్పుడు కాదు. బజారు నుంచి వచ్చి, అన్నీ కడిగి, కవర్లలో సర్ది పెట్టేటప్పుడు మనకి ఓపిక ఉంటుంది, ఉత్సాహం ఉంటుంది, నాలుగు రంగుల్లో రాస్తాం. చెడిపోయేది తీసేటప్పుడు. వంట మొదలైంది, పొయ్యి మీద ఏదో ఉంది, ఒక చేతిలో గడ్డకట్టిన ప్యాకెట్, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఆ స్థితిలో పెన్ను వెతికి కొట్టేసేదెవరు? తర్వాత కొట్టేద్దాంలే అనుకుంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. పైగా రాసే మనిషి ఒకరు, తీసే మనిషి ఇంకొకరు. రాసినవాళ్లకి జాబితా మీద ఉండే భక్తి తీసేవాళ్లకి ఉండదు. కొద్ది వారాలు పోయాక బోర్డు మీద చికెన్ ఆరు ప్యాకెట్లని ఉంటుంది, లోపల రెండుంటాయి. ఒక్కసారి అలా తేడా వచ్చిందంటే ఇంట్లో ఎవరూ ఆ బోర్డుని నమ్మరు, మళ్లీ మూత తీసి చేత్తో కెలకడం మొదలు. కెలుకుతున్నంతసేపూ బయటి తేమ గాలి లోపలికి పోయి గోడలకి మంచు పేరుకుంటూనే ఉంటుంది.

కాబట్టి ఏ పద్ధతినైనా నేను చూసేది ఒకటే: తీసే మనిషికి అది ఎంత పని పెడుతుంది? మాగ్నెట్ బిళ్లలు గెలిచేది అక్కడే. ఒక ప్యాకెట్‌కి ఒక బిళ్ల. బఠాణీలు నాలుగు ప్యాకెట్లుంటే బఠాణీల వరుసలో నాలుగు బిళ్లలు. ఒకటి తీస్తే ఒక బిళ్లని కుడి చివరకి తోసేయడం, అంతే. రాత లేదు, చెరపడం లేదు, చదువు రాని చిన్న పిల్లలు కూడా చేసేస్తారు, నిజానికి వాళ్లే అందరికన్నా బాగా చేస్తారు. ఇందాక చెప్పిన అలవాటు ఏంటంటే, ముందు బిళ్ల, తర్వాత మూత. మూత ఎత్తాక బోర్డు ఎలాగూ కనబడదు కాబట్టి, ఏం తీయాలో బయటే చూసుకుని, పొడి చేతులతో బిళ్ల జరిపి, అప్పుడు మూత తీయాలి. ఈ క్రమం ఇంట్లో అందరికీ అలవాటైతే లెక్క తప్పడం దాదాపు ఉండదు. వెతికినా దొరక్కపోతే బిళ్లని వెనక్కి జరిపేస్తే సరి.

బిళ్లల్లో కూడా అన్నీ ఒకటి కాదు. చదునుగా అంటుకుపోయేవి గోటితో తప్ప రావు, చల్లటి వేళ్లతో అసలు రావు. కొంచెం ఎత్తుగా, పట్టుకోవడానికి నడుము సన్నగా ఉన్నవి చూసి తీసుకోండి. బలం తక్కువైనవి మూత గట్టిగా వేసినప్పుడు జారుతాయి, అడ్డంగా ఒక గడి జారిందంటే లెక్కంతా తారుమారు. ఇంకో మాట, చిన్న సైజు మాగ్నెట్లు పసిపిల్లలున్న ఇంట్లో ప్రమాదం, మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని ఆపరేషన్ దాకా పోతుంది. అలాంటి ఇంట్లో నోట్లో పట్టనంత పెద్దవి వాడాలి, లేదంటే గోడకి ఎత్తులో బోర్డు పెట్టుకోవాలి. సెట్ కవర్ మీద ఈ సంగతి చాలా చిన్న అక్షరాల్లో ఉంది, అది నాకు నచ్చలేదు.

మార్కర్ల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. తుడిచేసే సిరా కాబట్టి తుడుచుకుపోతుంది! చొక్కా చేయి తగిలితే చాలు, మధ్యలో ఒక వరుస మాయం. వాతావరణంలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో మూత అంచుల దగ్గర చెమ్మ పట్టి రాతలు అలుక్కుపోతాయి. నేను చేసేదేంటంటే, ఎప్పుడూ ఉండే సరుకుల పేర్లు పర్మనెంట్ మార్కర్‌తో రాసేశాను (పోవాలంటే కాస్త స్పిరిట్ చాలు), మారే లెక్కంతా బిళ్లలదే. తేదీ గడిలో మాత్రమే తుడిచే మార్కర్ వాడతాను.

ఇక యాప్. కొన్నిటిని వాడి చూశాను, పేర్లెందుకు, అన్నిటిదీ ఒకే కథ. బార్‌కోడ్ స్కాన్ చేస్తే పేరు దానంతట అదే పడుతుందంటారు, నిజమే, కానీ డీప్ ఫ్రీజర్‌లో ఉండేవాటిలో సగానికి పైగా మనం ఇంట్లో కవర్లలో కట్టినవే, వాటికి బార్‌కోడ్ ఎక్కడిది? పేరు టైప్ చెయ్యాలి, రకం ఎంచుకోవాలి, తేదీ ఎంచుకోవాలి. పెట్టేటప్పుడు అదీ చేస్తాం, మళ్లీ అసలు జబ్బు తీసేటప్పుడే. ఫోన్ ఇంకో గదిలో ఛార్జింగ్‌లో ఉంటుంది, తడి వేలికి స్క్రీన్ పలకదు, ఇంట్లో మిగతావాళ్లు ఆ యాప్ వేసుకోరు. ఇవన్నీ పోగా గడువు దగ్గరపడిందని రోజుకో నోటిఫికేషన్ పంపి ప్రాణం తీస్తుంది, అది కూడా ఎప్పుడో వండి తినేసిన ప్యాకెట్ గురించి. అందరూ చూడగలిగే షేర్డ్ స్ప్రెడ్‌షీట్ వీటన్నిటికన్నా నయం, కావాల్సినట్టు గళ్లు పెట్టుకోవచ్చు, తేదీ ప్రకారం వరుస మార్చుకోవచ్చు. ఒంటరిగా ఉంటూ, ఫోన్ ఎప్పుడూ జేబులో ఉండే మనిషికి అదే చాలు, బోర్డు కూడా అక్కర్లేదు. ఫోన్ వల్ల నిజంగా ఉపయోగం ఒకటుంది, బజారులో నిలబడి ఇంట్లో ఏముందో చూసుకోవడం. దానికి బయల్దేరే ముందు బోర్డుని ఒక ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

తేదీ గడి గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే బోర్డు మీద దానికి గడువు అని ముద్రించి జనాన్ని అనవసరంగా టెన్షన్ పెడుతున్నారు. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే సూక్ష్మజీవులు పెరగవు. చచ్చిపోవు కూడా, ఊరికే ఆగిపోతాయి, బయటికి తీసి కరగనిస్తే మళ్లీ మొదలవుతాయి. కాబట్టి ఆ చలిలో ఉన్నంతకాలం తినడానికి ప్రమాదం ఉండదు, ఎన్ని నెలలైనా. పోయేది రుచి. కొవ్వు మెల్లగా గాలితో కలిసి పాత నూనె వాసన వస్తుంది, కవర్‌లో గాలి మిగిలితే మంచు నీరు కాకుండానే ఆవిరైపోయి పైన తెల్లటి ఎండు మచ్చలు కడతాయి. ఆ మచ్చలున్నది విషం కాదు, అక్కడివరకు కోసేసి మిగతాది వండుకోవచ్చు, కాకపోతే పీచులా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఆహార భద్రత పట్టికలో రుచి బాగుండే కాలం ఇలా ఇచ్చారు: కీమా 3 నుంచి 4 నెలలు, కోడి ముక్కలు 9 నెలలు, కోయని కోడి ఏడాది, సూపులు 2 నుంచి 3 నెలలు, వండిన మాంసం 2 నుంచి 6 నెలలు, సాసేజ్‌లు 1 నుంచి 2 నెలలు. చూశారా, పచ్చి కోడి కన్నా వండిన మాంసం, సూపులకే ముందు రుచి పోతుంది, మనం మాత్రం వండింది కదా ఉంటుందిలే అని అడుగున తోస్తాం. నేను గడువు అన్న మాట మీద టేప్ వేసి, పెట్టిన నెల మాత్రం రాస్తున్నాను. ఎంతకాలమైందో అందరికీ తెలుస్తుంది, పారేయాలో వండాలో వాళ్లే తేల్చుకుంటారు.

లేబుళ్లు సగం దండగ అన్నాను కదా. ఫ్రీజర్‌కి పనికొచ్చే జిగురు అని రాసి ఉంది, మామూలు స్టిక్కర్లకన్నా బాగానే అంటుకుంటాయి, ఒప్పుకుంటాను. మామూలువి ఆ చలికి జిగురు గట్టిపడి ఎండుటాకుల్లా రాలిపోతాయి, అడుగున చూస్తే పేర్లన్నీ ఒక పక్క, ప్యాకెట్లన్నీ ఒక పక్క. కానీ ఇవి కూడా పొడిగా ఉన్న కవర్‌కి, లోపల పెట్టకముందే అంటించాలి. ఇప్పటికే గడ్డకట్టి చెమ్మ పట్టినదానికి ఎంత నొక్కినా నిలవవు. రాయడం కూడా ముందే కానివ్వాలి, చల్లటి తడి కవర్ మీద బాల్ పెన్ను అస్సలు రాయదు. ఇంతా చేస్తే మాస్కింగ్ టేప్ ముక్క, దాని మీద పర్మనెంట్ మార్కర్ రాత కూడా ఇంచుమించు ఇంతే బాగా నిలుస్తున్నాయి. సెట్‌లో వచ్చిన చుట్ట అయిపోయాక మళ్లీ కొనే ఉద్దేశం నాకు లేదు.

లేబుల్ ఏదైనా, ఎక్కడ అంటిస్తున్నామన్నది ముఖ్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. పెట్టె ఫ్రీజర్‌లోకి మనం చూసేది పైనుంచి. ప్యాకెట్ వెడల్పు మీద అందంగా రాస్తే పక్క ప్యాకెట్ దాన్ని కప్పేస్తుంది. పై అంచున, జిప్ కవరైతే జిప్ కిందే, పైకి కనబడేలా రాయాలి. కీమా, సూపు, కూర లాంటివాటిని జిప్ కవర్‌లో పోసి, గాలి తీసేసి, ఒక పళ్లెంలో బోర్లా పరిచి పల్చగా గడ్డకట్టనిచ్చి, తర్వాత నిలువుగా పక్కపక్కన నిలబెట్టండి. పల్చగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా అడుగు అన్నదే లేకుండా పోతుంది, ఎందుకంటే ఏ ప్యాకెట్ మీదా ఇంకోటి ఉండదు. ఇది చేసినవాళ్లకి బోర్డు పని సగం తగ్గుతుంది. ఉండలుగా, గుండ్రంగా కట్టిన కవర్లు మాత్రం ఎంత సర్దినా దొర్లుతూనే ఉంటాయి.

నిలబెట్టలేనివాటికి గుడ్డ సంచులు, రంగుకొకటి. చేపలకి నీలం, కూరగాయలకి ఆకుపచ్చ, అలా మీ ఇష్టం. సంచి చెవులు పట్టుకుని మొత్తం పైకి ఎత్తేయొచ్చు, కింద ఉన్నది బయటపడుతుంది. బిళ్లల రంగుని సంచి రంగుతో కలిపేస్తే బోర్డు చూసి నేరుగా సంచికే పోవచ్చు, ఈ ఒక్క విషయంలో సెట్ తయారుచేసినవాళ్లని మెచ్చుకోవాలి, బిళ్లలు రంగురంగుల్లో ఇచ్చారు. కంప్రెసర్ ఉన్న వైపు లోపల ఒక మెట్టులా ఎత్తుగా ఉంటుంది కదా, దాని మీద లోతు తక్కువ, అది ఈ నెలలో అయిపోవాల్సినవాటికి. పాతవన్నీ అక్కడికి చేరితే వెతుకులాట ఉండదు.

అనుకోకుండా కలిసొచ్చిన లాభం కరెంటు పోయినప్పుడు తెలిసింది. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూత తీయకపోతే సుమారు 48 గంటలు చలి నిలుపుకుంటుంది, సగమే నిండితే 24 గంటలు. ఆ మాట అందరూ చెప్తారు, కానీ లోపల ఏముందో తెలియని మనిషి మూత తీయకుండా ఉండగలడా? బోర్డు ఉంటే బయట నిలబడే లెక్క వేసుకోవచ్చు, ఏది ముందు వండేయాలి, ఏది పక్కింటి ఫ్రీజర్‌లో సర్దాలి అని. తిరిగి కరెంటు వచ్చాక లోపల ఇంకా మంచు గింజలున్నవి, లేదా 4 డిగ్రీలు దాటనివి మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు, రుచి తగ్గుతుంది తప్ప భయం లేదు. మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందేమో తెలియాలంటే గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన ఒక నాణెం పెట్టి లోపల ఉంచండి, వచ్చేసరికి నాణెం గ్లాసు అడుగుకి చేరి ఉంటే అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం.

ఎంత జాగ్రత్తగా వాడినా లెక్క కాస్తో కూస్తో తప్పుతుంది, అది బోర్డు తప్పు కాదు. గోడల మీద మంచు 6 మిల్లీమీటర్ల దాకా పేరుకుంటే ఎలాగూ ఖాళీ చేసి కరిగించాలి కదా, ఆ రోజే బిళ్లలన్నీ పక్కకి తీసేసి, ఒక్కో ప్యాకెట్ లోపలికి పోతున్నకొద్దీ ఒక్కో బిళ్ల పెట్టుకుంటూ పోతే లెక్క కొత్తగా సరిపోతుంది. దీనికోసం వేరే రోజు కేటాయించక్కర్లేదు.

చిన్న ఫ్రీజర్ ఉండి, లోపలి సరుకు నెలలోపే అయిపోయేవాళ్లు దీన్ని కొనకండి, ఒక కాగితం, నాలుగు పాత మాగ్నెట్లు చాలు. ఇంట్లో నలుగురైదుగురు ఉండి, ఎవరికి వాళ్లు తీసుకునే ఇల్లయితే తప్పకుండా పనికొస్తుంది. 5కి 4 ఇస్తున్నాను, తగ్గించిన ఒక్కటీ మార్కర్లకి, ఆ చిన్న అక్షరాల హెచ్చరికకి. సెట్‌లో ఇచ్చే బిళ్లలు నిండు ఫ్రీజర్‌కి చాలవు, ఆర్డర్ పెట్టేటప్పుడే విడిగా ఇంకో డబ్బా బిళ్లలు తీసుకోండి.